చలికాలపు రోడ్ సైకిల్‌కి హ్యాండిల్ ఎత్తు సరిచేసుకోవడం ఎలా?

ఎండాకాలంలో హాయిగా తొక్కిన కొలతల్నే తెచ్చి చలికాలపు సైకిల్‌కీ పెట్టేస్తుంటారు చాలామంది. రెండు వారాలు తిరక్కుండానే మెడ పట్టేస్తుంది, నడుము లాగుతుంది, అరచేతులు మొద్దుబారతాయి. "హ్యాండిల్ ఎంత ఎత్తులో పెట్టాలి?" అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

ముందు జవాబు చెప్పి, తర్వాత పనిలోకి వెళ్దాం. ఎండాకాలపు సైకిల్ మీద మీకు ఏ బాధా లేకపోతే, చలికాలపు సైకిల్‌కి సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఎత్తు తేడాను 20 మి.మీ. తగ్గించి మొదలుపెట్టండి. పోల్చుకోవడానికి రెండో సైకిల్ లేకపోతే, హ్యాండిల్ పైభాగం సీటుతో సమానంగానో, 20 మి.మీ. కిందికో ఉండేలా మొదలుపెట్టండి. ఇది తుది కొలత కాదు, తొలి అడుగు. అక్కడి నుంచి 5 లేదా 10 మి.మీ. చొప్పున జరుపుకుంటూ పోవాలి.

చలికాలంలో ఎత్తు ఎందుకు మారాలి? మందపాటి జాకెట్, లోపల రెండు పొరల బట్టలు ఉంటే పొట్ట దగ్గర వంగడం కష్టం. చలికి నడుము, తొడ వెనక కండరాలు బిగుసుకుని ఉంటాయి. చీకట్లో, తడి రోడ్డు మీద తల ఎత్తి ముందుకు చూడాలి, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూడాలి. వీటిలో ఏ ఒక్కటీ బాగా వంగిన భంగిమకు సరిపడదు.

అసలు తప్పు ఎత్తుదేనా?

పానా పట్టుకునే ముందు ఇది తేల్చుకోండి. హ్యాండిల్ కిందికి ఉందని అనుకునేవాళ్లలో చాలామందికి నిజానికి అది దూరంగా ఉంటుంది. ఎత్తు పెంచితే కొంచెం దగ్గరికి కూడా వస్తుంది కాబట్టి బాధ తగ్గినట్టే అనిపిస్తుంది, కానీ పూర్తిగా పోదు.

చేతులు తమంతట తామే బ్రేక్ హుడ్స్ (బ్రేకు లివర్ల మీది రబ్బరు తొడుగు పట్లు) వెనక భాగానికో, హ్యాండిల్ అడ్డపట్టీ మీదికో జారిపోతున్నాయా? అది దూరం ఎక్కువైన గుర్తు. స్టెమ్ (హ్యాండిల్‌ని, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు పైపుకు కలిపే ముక్క) 10 మి.మీ. పొట్టిది వేస్తే సరిపోవచ్చు.

హుడ్స్ మీద చేతులు హాయిగానే ఉన్నాయి, కిందికి వంగి ఉన్న డ్రాప్స్ పట్టుకుంటే మాత్రం మోకాళ్లు పొట్టకు తగులుతున్నాయా, మెడ నొప్పెడుతోందా? అది ఎత్తు సరిపోవడం లేదని గుర్తు. హ్యాండిల్ డ్రాప్ మరీ లోతైనదైనా ఇలాగే అవుతుంది.

మీరు సీటు ముందు కొసకు జారిపోతూ, చేతులతో వెనక్కి తోసుకుంటున్నారా? సీటు ముక్కు కిందికి వంగి ఉంది. హ్యాండిల్ ఎంత ఎత్తినా ఈ బాధ పోదు. సీటు మీద పొడవాటి చెక్కబద్ద పెట్టి, దాని మీద లెవెల్ (సమంగా ఉందో లేదో చూపే బుడగ పరికరం) పెట్టి చూడండి. సమంగా ఉంచి మొదలుపెట్టడం మంచిది.

వేళ్ల మొద్దుబారడాన్ని కూడా విడదీసి చూడాలి. చలి వల్లయితే అన్ని వేళ్ల కొసలూ ఒకేసారి, రెండు చేతులకీ గడ్డకట్టినట్టు అవుతాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు మాత్రమే తిమ్మిరెక్కితే అరచేతి బయటి అంచున నరం మీద ఒత్తిడి పడుతోందని అర్థం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే మణికట్టు మధ్యలోంచి వెళ్లే నరం నలుగుతోంది. ఈ రెండిట్లో ఏది ఉన్నా బరువు చేతుల మీద ఎక్కువ పడుతున్నట్టే. గ్లవ్స్ బిగుతుగా ఉన్నా, జాకెట్ చేతి అంచు మణికట్టును నొక్కుతున్నా ఇదే జరుగుతుంది. ముందు అది వదులు చేసి చూడండి, ఖర్చు లేని పని.

కావలసినవి

- 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు. కొన్ని స్టెమ్‌లకు నక్షత్రం ఆకారపు టీ25 కీ కావాలి.
- బోల్టు ఎంత బిగిసిందో 2 నుంచి 10 న్యూటన్ మీటర్ల మధ్య కొలిచే టార్క్ రెంచ్. కార్బన్ భాగం ఒక్కటి ఉన్నా ఇది తప్పనిసరి.
- టేపు కొలత, పొడవాటి, వంకర లేని చెక్కబద్ద, లెవెల్.
- గ్రీజు. కార్బన్ భాగాలుంటే వాటికి వేసే గరుకు పేస్టు. కార్బన్ పట్టు దగ్గర మామూలు గ్రీజు వాడకండి, బిగించినా జారుతుంది.
- 5, 10 మి.మీ. స్పేసర్లు (స్టెమ్ కిందా పైనా వేసే ఉంగరాలు) కొన్ని. మామూలు రోడ్ సైకిళ్ల స్టీరర్ పైపు (స్టెమ్ పట్టుకునే ఫోర్కు పైపు) వ్యాసం 28.6 మి.మీ., స్పేసర్లు దానికి సరిపోయేవే కొనండి.
- పాత గుడ్డ, ఎలక్ట్రికల్ టేపు, కాగితం, పెన్సిల్.

1. చలికాలపు బట్టలూ బూట్లూ వేసుకోండి

నవ్వులాటగా అనిపించినా ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. ఇంట్లో పల్చటి టీషర్టుతో కొలిచిన ఎత్తు, జాకెట్ వేసుకున్న రోజున పనికిరాదు. గ్లవ్స్‌తో సహా వేసుకుని, సైకిల్‌ని గోడకు ఆనించో ట్రైనర్ (సైకిల్‌ని ఒకే చోట నిలబెట్టి తొక్కే స్టాండు) మీద పెట్టో కూర్చోండి.

2. సీటును ముందు ఖాయం చేయండి

హ్యాండిల్ ఎత్తును నేల నుంచి కాదు, సీటు నుంచి లెక్కపెట్టాలి. సీటు కదిలితే లెక్కంతా మారిపోతుంది.

చలికాలపు బూటు అడుగు 5 మి.మీ. మందం ఎక్కువుంటే, కాలు అంత మేర పొట్టిగా చాచుకుంటుంది కాబట్టి సీటు 5 మి.మీ. ఎత్తాలి. దళసరి ప్యాడ్ ఉన్న వెచ్చటి ప్యాంటు వేసుకుంటే మీరు ఆ మేరకు పైకి కూర్చుంటారు, అప్పుడు సీటు కొంచెం దించాలి. రెండూ ఉంటే ఒకదానికొకటి సరిపోవచ్చు. కొలిచి చూడండి, ఊహించకండి.

తేలిక పరీక్ష: మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ని అట్టడుగుకు తెండి. కాలు నిటారుగా చాచుకోవాలి, తుంటి పక్కకు ఒరగకూడదు. పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, 25 నుంచి 35 డిగ్రీల మధ్య.

టైర్ల గురించి చాలామంది అడుగుతారు. 25 మి.మీ. టైర్లు తీసి 32 మి.మీ. టైర్లు వేస్తే సైకిల్ ముందూ వెనకా ఒకే మేర లేస్తుంది. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య తేడా మారదు. ముందు టైరొక్కటే లావుది వేస్తేనే లెక్కలోకి తీసుకోవాలి.

3. కొలిచి రాసుకోండి

సమతలమైన నేల మీద సైకిల్ నిలబెట్టి నాలుగు కొలతలు తీసుకోండి: నేల నుంచి సీటు మధ్యభాగం పైకి, నేల నుంచి స్టెమ్ పక్కన హ్యాండిల్ పైభాగానికి, సీటు ముందు కొస నుంచి హ్యాండిల్ మధ్యకు, సీటు ముందు కొస నుంచి హుడ్ లోపలి వంపుకు. మొదటి రెండింటి తేడానే మనం మార్చబోతున్నాం. మిగతా రెండూ దూరం కోసం. ఎండాకాలపు సైకిల్ ఉంటే దాన్నీ ఇలాగే కొలవండి. రెండు సైకిళ్ల హ్యాండిళ్లు వేరు వేరు ఆకారాలైతే హుడ్ కొలతనే నమ్మండి, ఎక్కువసేపు చేతులుండేది అక్కడే.

సీటు పోస్టు దగ్గర ఒక చుట్టు ఎలక్ట్రికల్ టేపు వేసి గుర్తు పెట్టుకోండి. పాత స్థితికి తిరిగి రాగలగడం ముఖ్యం.

4. మీ సైకిల్ ఏ రకమో చూడండి

స్టెమ్ వెనక భాగంలో రెండు పక్క బోల్టులు, నెత్తిన ఒక మూత, కింద ఉంగరాల్లాంటి స్పేసర్లు ఉంటే 5వ మెట్టుకు వెళ్లండి. ఇప్పటి సైకిళ్లలో ఎక్కువ ఇవే.

స్టెమ్ సన్నటి కడ్డీలా ఫ్రేములోకి దిగిపోయి, పైన ఒకటే బోల్టు ఉంటే అది పాత పద్ధతి క్విల్ స్టెమ్. 8వ మెట్టుకు వెళ్లండి.

కేబుళ్లన్నీ స్టెమ్ లోంచో హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరగడానికి ఉండే బేరింగుల భాగం) లోంచో లోపలికి దూరిపోతే జాగ్రత్త. అలాంటివాటికి ఆ కంపెనీ స్పేసర్లే సరిపోతాయి, స్టెమ్ తిరగేయడం చాలా వాటిలో కుదరదు. ఎత్తు పెంచాలంటే హైడ్రాలిక్ (ద్రవంతో పనిచేసే) బ్రేకు పైపు మార్చాల్సి రావచ్చు. బ్రేకుల్లోంచి గాలి తీయడం అలవాటు లేకపోతే మెకానిక్‌కి ఇవ్వండి.

5. స్పేసర్లు కిందికి మార్చడం

స్టెమ్ పైన స్పేసర్లు మిగిలి ఉంటే మీ పని సులువు. వాటిని స్టెమ్ కిందికి తెస్తే హ్యాండిల్ లేస్తుంది. పైన ఒక్కటీ లేకపోతే స్టీరర్ పైపు అప్పటికే కోసేశారన్నమాట, 6వ మెట్టుకు వెళ్లండి.

సైకిల్‌ని నేల మీదే నిలబెట్టండి. స్టాండుకు వేలాడదీసి స్టెమ్ లాగితే ఫోర్కు కిందికి జారి పడిపోతుంది. స్టాండు తప్పకపోతే ముందు చక్రాన్ని ఫ్రేముకు పట్టీతో కట్టేయండి.

అ. పై మూత బోల్టు పూర్తిగా విప్పి మూత తీయండి. తర్వాత రెండు పక్క బోల్టులు రెండు మూడు చుట్లు వదులు చేయండి.

ఆ. హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పుతూ స్టెమ్‌ని పైకి లాగండి. కేబుళ్లకు వేలాడకుండా గుడ్డ వేసి ఫ్రేము మీద ఆనించండి.

ఇ. పైనున్న స్పేసర్లలో ముందు 10 మి.మీ. మాత్రమే కిందికి దించండి. ఫ్రేముకు ఆనుకుని ఉన్న అట్టడుగు మూతనూ దాని కిందున్న చీలిక రింగునూ కదపకండి. పొరపాటున ఊడివస్తే వరస ఇది: బేరింగ్, దాని మీద చీలిక రింగు, ఆపైన మూత, తర్వాత స్పేసర్లు.

ఈ. స్టెమ్ ఎక్కించి, మిగిలిన స్పేసర్లు పైన వేయండి. అన్నిటికన్నా పైనున్న అంచు నుంచి స్టీరర్ పైపు కొస 2, 3 మి.మీ. లోపలికి ఉండాలి. పైపు అంచుతో సమానంగా ఉంటే మూత పైపుకే ఆనుతుంది, బేరింగులు బిగవవు. అప్పుడు పైన ఇంకో 5 మి.మీ. స్పేసర్ వేయండి.

ఉ. పై మూత బోల్టును మెల్లగా బిగించండి. ఇది స్టెమ్‌ని పట్టి ఉంచే బోల్టు కాదు, బేరింగుల్లో వదులు తీసేది మాత్రమే. వేళ్లతో తిప్పగలిగినంత బలం చాలు. వదులు పోగానే ఆపేయండి.

ఊ. ముందు చక్రానికి సూటిగా స్టెమ్‌ని సర్దండి. పైనుంచి ఒక కన్ను మూసి చూస్తే తేలిక.

ఋ. ఇప్పుడు పక్క బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి, పావు చుట్టు చొప్పున బిగించండి. స్టెమ్ మీద రాసి ఉన్న అంకె దాటకండి. చాలావాటికి అది 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది.

వరస మారిస్తే పని చెడుతుంది. పక్క బోల్టులు బిగించాక పై మూతను ఎంత బిగించినా బేరింగులకు అందదు. బోల్టు తెగడమో, పైపు లోపల ఆ బోల్టు పట్టే నక్షత్రపు నట్టు పైకి లేచిరావడమో జరుగుతుంది.

స్టీరర్ కార్బన్‌దైతే ఇంకో రెండు మాటలు. స్టెమ్ కింద స్పేసర్ల మొత్తానికి పరిమితి ఉంటుంది, చాలా కంపెనీలు 30 నుంచి 40 మి.మీ. దగ్గర ఆపమంటాయి. మీ ఫోర్కు పుస్తకంలో ఏముందో చూసి అదే పాటించండి. రెండోది, పైపు లోపల వ్యాకోచించే ప్లగ్గు సరిగ్గా స్టెమ్ పట్టే చోటికి ఎదురుగా ఉండాలి. స్టెమ్ పైన 5 మి.మీ. స్పేసర్ ఒకటి వదిలేయడం మంచిది, పైపు కొస స్టెమ్ పట్టులో నలగదు.

హెడ్ ట్యూబ్ (స్టీరర్ పైపు దూరే ఫ్రేము ముందు గొట్టం) ఏటవాలుగా ఉంటుంది కాబట్టి స్పేసర్ వేస్తే హ్యాండిల్ పైకి మాత్రమే పోదు. కోణం 73 డిగ్రీలైతే ప్రతి 10 మి.మీ. స్పేసర్‌కూ దాదాపు 3 మి.మీ. వెనక్కి వస్తుంది. 30 మి.మీ. వేస్తే 9 మి.మీ. దగ్గరైంది. దాన్ని సరిచేయడానికి వెంటనే పొడవాటి స్టెమ్ కొనకండి. జాకెట్ వేసుకున్న ఒంటికి ఆ కొద్దిపాటి దగ్గరతనం ఎలాగూ కావాలి.

6. స్టెమ్ తిరగేయడం

రోడ్ సైకిళ్ల స్టెమ్ ఎక్కువగా 6 డిగ్రీలు కిందికి వంగి వస్తుంది. దాన్ని తలకిందులు చేసి బిగిస్తే 6 డిగ్రీలు పైకి లేస్తుంది. 73 డిగ్రీల హెడ్ ట్యూబ్ మీద 100 మి.మీ. స్టెమ్‌ని తిరగేస్తే హ్యాండిల్ 20 మి.మీ. లేచి, 6 మి.మీ. దగ్గరికి వస్తుంది. పైసా ఖర్చు లేకుండా దొరికే 20 మి.మీ. ఇది. స్టెమ్ మీది అక్షరాలు తలకిందులుగా కనిపించడం తప్ప నష్టమేమీ లేదు.

హ్యాండిల్‌ని పట్టిన ముందు ప్లేటు నాలుగు బోల్టులూ తీసి, హ్యాండిల్‌ని గుడ్డ మీద ఆనించండి. 5వ మెట్టులో చెప్పినట్టు స్టెమ్ తీసి, తిరగేసి, ఎక్కించండి. హ్యాండిల్ మధ్య గీతలు స్టెమ్‌కి రెండు పక్కలా సమానంగా కనిపించేలా పెట్టి ముందు ప్లేటు బిగించండి. బోల్టుల్ని ఎదురుబొదురుగా, ఎక్స్ ఆకారంలో, కొంచెం కొంచెంగా బిగించాలి. పైనా కిందా సందు సమానంగా ఉండాలి. కొన్ని స్టెమ్‌లలో మాత్రం పై బోల్టులు పూర్తిగా మూసి తర్వాత కిందవి బిగించమని రాసి ఉంటుంది, అలా ఉంటే అదే పాటించండి.

హ్యాండిల్ వంపును కూడా ఇప్పుడే సర్దాలి. అడ్డపట్టీ నుంచి హుడ్ మీదికి మణికట్టు విరగకుండా సాఫీగా వెళ్లాలి. ఎత్తు కోసమని హ్యాండిల్‌ని బాగా పైకి తిప్పేస్తే హుడ్స్ పైకి లేస్తాయి గానీ డ్రాప్స్ కొసలు నేలకేసి పోతాయి. అక్కడి నుంచి బ్రేకు అందదు. ఒకటి రెండు డిగ్రీల సర్దుబాటుకు మించి ఈ దారిన పోకండి.

7. తిరగేసినా చాలకపోతే

17 డిగ్రీల స్టెమ్ తీసుకోవచ్చు. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. కోణం పెరిగినకొద్దీ అదే పొడవున్న స్టెమ్ బాగా దగ్గరికి వచ్చేస్తుంది. మీది 6 డిగ్రీలు కిందికి వంగిన 100 మి.మీ. స్టెమ్ అనుకుందాం. దాని బదులు 17 డిగ్రీలు పైకి లేచిన 90 మి.మీ. స్టెమ్ వేస్తే హ్యాండిల్ 31 మి.మీ. లేస్తుంది, కానీ 24 మి.మీ. దగ్గరికి వస్తుంది. అది చాలా ఎక్కువ, మోచేతులు పొట్టలోకి వచ్చేస్తాయి. అదే కోణంలో 110 మి.మీ. వేస్తే 42 మి.మీ. లేచి 7 మి.మీ. మాత్రమే దగ్గరవుతుంది. ఎత్తు ఒక్కటే కావాల్సినవాళ్లు కోణం పెంచినప్పుడు పొడవూ పెంచాలి. కొనేముందు హ్యాండిల్ పట్టు వ్యాసం చూసుకోండి: ఇప్పటివి ఎక్కువ 31.8 మి.మీ., పాతవి 26 లేదా 25.4.

స్టెమ్ పట్టు నుంచి రెండు పక్కలా పైకి లేచి ఉండే డ్రాప్ హ్యాండిళ్లు కూడా దొరుకుతాయి. స్టెమ్ కదపకుండా అవి 15, 20 మి.మీ. ఇస్తాయి. డ్రాప్స్ దగ్గర మాత్రమే బాధ ఉన్నవాళ్లకు అసలు మందు వేరే: డ్రాప్ 120, 125 మి.మీ. ఉన్న లోతు తక్కువ హ్యాండిల్. పాత లోతైన హ్యాండిళ్లలో ఇది 140 దాటుతుంది.

స్టీరర్ పైపుకు తగిలించే పొడిగింపు ముక్క అల్యూమినియం లేదా స్టీలు పైపు మీదే వేయాలి. కార్బన్ మీద వద్దు.

కొత్త ఫోర్కు వేయిస్తుంటే పైపు కోయించకండి. మిగిలిన స్పేసర్లన్నీ స్టెమ్ పైన పెట్టి, నెల రోజులు తొక్కి, ఎత్తు కుదిరాక కోయించండి. కోసిన పైపును అతికించలేం.

8. క్విల్ స్టెమ్ అయితే

పై బోల్టును, ఎక్కువగా 6 మి.మీ. అలెన్ కీతో, రెండు మూడు చుట్లు తిప్పి వదులు చేయండి. పూర్తిగా తీయకండి. బోల్టు తల కొంచెం పైకి లేస్తుంది. దాని మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తే లోపలి ఆప్పు (స్టెమ్‌ని పైపులో బిగించి పట్టే ఏటవాలు ముక్క) వదులుతుంది. అప్పుడు స్టెమ్ అటూ ఇటూ తిరిగి పైకి వస్తుంది.

స్టెమ్ కడ్డీ మీద చెక్కిన గీత బయటికి కనిపించకూడదు. అది దాటితే స్టెమ్ విరగొచ్చు, ఫోర్కు పైపు పగలొచ్చు. గీత చెరిగిపోయి ఉంటే కనీసం 65 మి.మీ. కడ్డీ లోపల ఉండేలా చూడండి. ఆప్పు ఫోర్కు పైపులో మరలు ఉన్న భాగం కన్నా కిందికి ఉండాలి, మరల దగ్గర పైపు బలహీనం.

కడ్డీని శుభ్రంగా తుడిచి, గ్రీజు దట్టంగా రాసి పెట్టండి. బిగించేటప్పుడు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని ఓ మోస్తరు బలంతో హ్యాండిల్ తిప్పితే కదలనంత బిగువు చాలు. అతిగా బిగిస్తే పైపు లోపలి నుంచి ఉబ్బుతుంది.

పట్టేసిన స్టెమ్ రాకపోతే తుప్పు వదిలించే నూనె చుట్టూ పోసి ఒక రాత్రి వదిలేయండి. చక్రాన్ని కాళ్లతో పట్టి హ్యాండిల్‌ని మొరటుగా మెలితిప్పితే ఫోర్కు వంగుతుంది.

9. కేబుళ్లు, బ్రేకు లివర్లు

హ్యాండిల్‌ని కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పండి. కేబుల్ గానీ హైడ్రాలిక్ పైపు గానీ బిగుసుకోకూడదు, మడత పడకూడదు. వెనక చక్రం ఎత్తి పెడల్ తిప్పుతూ హ్యాండిల్ తిప్పి చూడండి. గేరు తనంతట తానే మారితే కేబుల్ తొడుగు పొట్టి అయిపోయింది. 20 మి.మీ. పెంచితే మామూలుగా సరిపోతుంది. 40 పెంచితే కొత్త తొడుగులు అవసరం పడే అవకాశం ఎక్కువ.

గ్లవ్స్ వేసుకుని హుడ్స్ మీద నుంచీ డ్రాప్స్ నుంచీ బ్రేకు పట్టండి. రెండు వేళ్లు లివర్ చుట్టూ పూర్తిగా రావాలి. అందకపోతే లివర్ దగ్గరున్న చిన్న స్క్రూతో దగ్గరికి తెచ్చుకోండి. గట్టిగా పట్టినా లివర్ హ్యాండిల్‌కి తగలకూడదు.

10. రోడ్డెక్కే ముందు నాలుగు పరీక్షలు

ముందు చక్రపు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపండి. రెండో చేతి వేలిని ఫ్రేముకీ హెడ్‌సెట్ మూతకీ మధ్య సందు మీద పెట్టండి. టకటకమని వేలికి తెలిస్తే బేరింగ్ వదులుగా ఉంది. డిస్క్ బ్రేకు ప్యాడ్లలో ఉండే కొద్దిపాటి కదలిక కూడా ఇలాగే అనిపించి మోసం చేస్తుంది. అందుకే చక్రాన్ని 90 డిగ్రీలు పక్కకు తిప్పి మళ్లీ ఊపి చూడండి.

ముందు చక్రం గాల్లోకి ఎత్తి సైకిల్‌ని కొంచెం పక్కకు ఒంచండి. హ్యాండిల్ తనంతట తాను వాలాలి. మధ్యలో పట్టి ఆగితే పై మూత ఎక్కువ బిగించారు. పక్క బోల్టులు వదులు చేసి, మూత వదిలి, మళ్లీ మొదటి నుంచి.

చక్రాన్ని మోకాళ్ల మధ్య పెట్టి హ్యాండిల్ తిప్పండి. స్టెమ్ జారకూడదు.

హుడ్స్ మీద రెండు చేతులూ ఆనించి ఒంటి బరువుతో గట్టిగా కిందికి నొక్కండి. హ్యాండిల్ తిరగకూడదు.

11. తొక్కి చూడండి

ఇంటి చుట్టూ ఐదు నిమిషాలు తిరిగితే ఏదైనా బాగానే ఉంటుంది. మీరు మామూలుగా వెళ్లే దారిలో కనీసం గంట చొప్పున రెండు సార్లు తొక్కాలి. అలెన్ కీలు జేబులో పెట్టుకోండి, కానీ మొదటి పది నిమిషాల్లో ఏదీ మార్చకండి. ఒళ్లు వేడెక్కాక భంగిమ వేరుగా ఉంటుంది.

ఇవి చూసుకోండి. హుడ్స్ మీద చేతులున్నప్పుడు మోచేతులు కాస్త వంగి ఉన్నాయా, భుజాలు చెవుల దగ్గరికి లేవకుండా ఉన్నాయా? వేళ్లు ఒక్కొక్కటిగా ఎత్తి ఆడించగలుగుతున్నారా? ఆడించలేకపోతే బరువంతా అరచేతుల మీదే ఉంది. ట్రాఫిక్ లేని చోట వెనక్కి తిరిగి చూస్తే సైకిల్ గీత తప్పకుండా పోతోందా? డ్రాప్స్ పట్టుకుని రెండు నిమిషాలు ఊపిరి ఇబ్బంది లేకుండా తొక్కగలుగుతున్నారా? అన్నిటికీ అవునంటే అక్కడే ఆపేయండి. కాదంటే ఇంకో 5 లేదా 10 మి.మీ. మార్చి, ఇంకో రెండు సార్లు తొక్కండి. ఒకేసారి ఎత్తూ సీటూ స్టెమ్ పొడవూ మూడూ మార్చితే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో ఎప్పటికీ తెలియదు.

మరీ ఎత్తు పెట్టేస్తే

ఎత్తు పెరిగినకొద్దీ హాయి పెరుగుతూనే ఉంటుందనుకోవద్దు. ఒక హద్దు దాటితే ఒంటి బరువంతా సీటు మీదికి వెళ్తుంది. పిరుదుల ఎముకల దగ్గర నొప్పి మొదలవుతుంది, గుంతల దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. ముందు చక్రం మీద బరువు తగ్గి, ఎత్తైన రోడ్డు ఎక్కేటప్పుడు సైకిల్ అటూ ఇటూ ఊగులాడుతుంది. తడి రోడ్డు మీద మలుపులో ముందు టైరుకు పట్టు కావాలి. అది తగ్గడమే ఇందులో నిజంగా ప్రమాదకరమైన సంగతి. ఎదురుగాలిలో ఛాతీ తెరచాపలా గాలి పట్టడం చికాకే గానీ ప్రాణాపాయం కాదు.

చేతులు బాగున్నాయి, కొత్తగా సీటు నొప్పి వచ్చింది అంటే 10 మి.మీ. దించండి. సీటు మార్చాలని పరిగెత్తకండి.

చలికాలం పొడవునా చూసుకోవాల్సినవి

మంచు పడే చోట్ల అది కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు, బురద నీళ్లు కలిసి స్టెమ్ బోల్టుల్ని తినేస్తాయి. బోల్టు మరలకు పల్చగా గ్రీజు రాసి బిగించండి, తల మీది గుంతలో కూడా చిటికెడు గ్రీజు నింపండి. తుప్పుతో గుంత అరిగిపోతే తర్వాత ఏ కీ పట్టదు. ముందు చక్రం చిమ్మే నీళ్లు నేరుగా హెడ్‌సెట్ కింది బేరింగ్‌లోకి వెళ్తాయి. మడ్‌గార్డ్‌కి పొడవాటి రబ్బరు పట్టీ వేస్తే పాదాలకే కాదు, దానికీ మేలు. సైకిల్ తొక్కినప్పుడు హ్యాండిల్ తిప్పుతుంటే నడిమధ్య ఒక చోట గుంతలో పడ్డట్టు పట్టేస్తుంటే ఆ బేరింగ్ పోయింది. బిగించి ఉపయోగం లేదు, మార్చాల్సిందే.

ఎత్తు మార్చిన తర్వాత మొదటి రెండు సార్లు తొక్కాక అన్ని బోల్టులూ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. క్విల్ స్టెమ్ ఉన్నవాళ్లు చలికాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి దాన్ని పూర్తిగా బయటికి తీసి, తుడిచి, గ్రీజు రాసి తిరిగి పెట్టండి. అల్యూమినియం కడ్డీ స్టీలు పైపులో ఉప్పునీటితో కలిసి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతే, తర్వాత దాన్ని రంపంతో కోసి తీయడం తప్ప దారి ఉండదు.